దారానికి గడి లేని ఫారం

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. తల్లి గర్భంలో బిడ్డను రూపించినవాడికి, ఏ బిడ్డ ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు నడవాలో ఏ ట్రైనింగు కాలేజీనీ అడగకుండానే నిర్ణయించినవాడికి మహిమ కలుగుగాక. ఆయన అడగకపోవడం వల్ల జరిగిన లోటును మా లెక్చరర్ గారు పూడ్చారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను హైదరాబాదులో బీఎడ్ చదివాను. ఆదిలాబాదు జిల్లాలోని మా క్రైస్తవ సంఘంలో బీఏ దాటిన మొదటి ఆడపిల్లను నేనే. నేను రైలెక్కిన రోజు సంఘమంతా స్టేషనుకొచ్చి కీర్తనలు పాడింది. మంచి మార్కులతో తిరిగొస్తే మిషన్ బడికి నన్నే హెడ్మిస్ట్రెస్‌ను చేస్తామని పెద్దలు మాటిచ్చారు.

పిల్లల ఎదుగుదల గురించి పాఠం చెప్పే లెక్చరర్ గారికి పెళ్ళి కాలేదు, పిల్లల అల్లరి గిట్టదు. పిల్లలు గదిలోకి రానంతవరకు వాళ్ళ గురించి ఆయనకు తెలియనిదంటూ లేదు. విదేశంలో చదివి ఆయన ఒక పరీక్షల పెట్టె తెచ్చారు. పరిశోధన కోసమని మమ్మల్ని కరీంనగర్ జిల్లాలోని ఒక నేతగాళ్ళ ఊరి బడికి తీసుకెళ్ళారు. బస్సు దిగాక ఆ పెట్టెను, బైబిల్లో లేవీయులు దేవుని మందసాన్ని మోసినట్టు మోశాం. చెయ్యి తగిలితే చస్తామన్న భయం వాళ్ళకంటే మాకే ఎక్కువ.

పరీక్ష సులువే. రంగు పూసల దండ ఒకటి చూపించాలి. అలాంటిదే మూడు నిమిషాల్లో గుచ్చమని పిల్లకు పూసలూ దారమూ ఇవ్వాలి. ఎన్ని గుచ్చితే అంత తెలివి. పెట్టెతో వచ్చిన దారాన్ని ఎలుకలు కొరికేశాయి కాబట్టి కరీంనగర్ బజారులో దొరికిన నూలు దారం పెట్టాం. దానివల్ల విజ్ఞాన శాస్త్రానికి ఏ హానీ లేదని లెక్చరర్ గారు తేల్చారు.

నా ముందు కూర్చున్నది రెండో తరగతి పిల్ల. ఏడేళ్ళుంటాయి. పొద్దున లేచి తండ్రి మగ్గానికి నూలు కండెలు చుట్టి బడికొచ్చేది. పూసల వంక చూడనైనా లేదు. దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా లాగింది. ఒకచోట ఆగి తెంపింది. రెండు కొసలూ తడి చేసి, తొడ మీద పురిపెట్టి అతికింది. ఇంకో రెండుచోట్ల అలాగే చేసింది. తృప్తిగా చూసుకుని మొదటి పూస అందుకుంది. అప్పుడే మూడు నిమిషాలూ అయిపోయాయి.

"ఎన్ని?" అన్నారు లెక్చరర్ గారు.

"సున్నా సార్," అన్నాను.

ఆయన పిల్ల వైపు వంగారు. "ఏం పాపా, పూసలు గుచ్చమంటే దారంతో ఆడుకుంటున్నావేం?"

"పోగు మంచిగ లేదు సార్. గిట్లనే గుచ్చితె నడుమల తెగుతది. పూసలన్ని కింద వడ్తయ్. ఎవలు ఏరాలె?"

నేనేదో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "దారం గురించి ఫారంలో గడి లేదమ్మా. సున్నా వేసి సంతకం చెయ్యండి."

అబద్ధసాక్ష్యం పలకకూడదని ఆదివారం బడిలో పిల్లల చేత వల్లె వేయించిన నోటితోనే "అలాగే సార్" అన్నాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉందని ఆయన మెచ్చుకున్నారు.

మందబుద్ధి పిల్లల జాబితా మర్నాడు హెడ్మాస్టరుకు చేరింది. వాళ్ళను ప్రత్యేక తరగతిలో చేర్చాలని సిఫారసు. అలాంటి తరగతి జిల్లాలో ఎక్కడా లేదు. అందుకని రిజిస్టరులో పేర్లు కొట్టేసి ఇంటికి పంపాలని నిర్ణయమైంది. మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మోచేతుల దాకా నూలుకు పట్టించే గంజి ఆరి తెల్లగా ఉంది.

"పంతులమ్మా, మా పిల్లకు తెలివి లేదని రాసింది నువ్వేనా?"

"అది సార్ చెప్పిన..."

"సార్ ముచ్చట అడుగుతలేను. దాని ముంగట కూసున్నది నువ్వే గద? అదేం జేసిందో చూసినవా, లేదా?"

"చూసిన."

"చూసి గూడ రాసినవా? వాళ్ళ బాపు సంబురపడ్తుండు, మగ్గం కాడికి ఇంకో చెయ్యి దొరికిందని. నేనైతె సదువుకోలే. అదన్న సదువుకోవాలె గద."

మోకాళ్ళ మీద పడి చాలాసేపు ప్రార్థించాను. దారి చూపమని కాదు. దారి కనపడుతూనే ఉంది. లెక్చరర్ గారి చేతిలో ఉన్న నా మార్కులూ పోకుండా, ఆ పిల్ల పేరూ పోకుండా ఏదైనా ఉపాయం చెప్పమని అడిగాను. ప్రభువుకు అంత తెలివి ఉన్నట్టు లేదు. లేచి హెడ్మాస్టరు గదికి నడిచాను.

హెడ్మాస్టరు నిజాం కాలం మనిషి. నేను వేసిన సున్నా తప్పని చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నోటిమాట నడువదమ్మా. కాయితం మీద రాసియ్యి. నాకేం ఫికర్ లేదు, పరేషాన్ అయ్యేది నువ్వే. జర సోంచాయించుకో."

రాసిచ్చాను. పిల్ల పేరు నిలిచింది. నాలో మానసిక పరిపక్వత లోపించిందని లెక్చరర్ గారు రాశారు. దానికి మాత్రం మా మార్కుల ఫారంలో గడి ఉంది. నేను థర్డు క్లాసులో గట్టెక్కాను. హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం ఫస్టు క్లాసువాళ్ళెవరికో వెళ్ళింది, నాకు ఒకటో తరగతి దక్కింది. అంతా దేవుని చిత్తమని సంఘ పెద్దలు అన్నారు. తమ చిత్తాలన్నిటినీ ఆయన పద్దులోనే వేయడం వాళ్ళకు అలవాటు.

ఇక్కడ ఆపితే నేను పరిశుద్ధురాలిలా కనిపిస్తాను. ఆ జాబితాలో నా చేత్తో సంతకం పెట్టిన పేర్లు ఇంకో నాలుగున్నాయి. ఆ నలుగురి ముందూ నేనే కూర్చున్నాను. కానీ నా కళ్ళు గడియారం మీద ఉన్నాయి. వాళ్ళ చేతులు ఏం చేశాయో చూడలేదు. వాళ్ళ తల్లులెవరూ వచ్చి నన్ను నిలదీయలేదు. వాళ్ళ పేర్లు కొట్టేశారు.

చదువుతున్న సోదరులారా, సోదరీమణులారా, ఒక్క నిమిషం నాతో తల వంచండి. ఆ నలుగురినీ ప్రభువు ఏ మగ్గం దగ్గర, ఏ బావి దగ్గర ఉంచాడో అక్కడే వాళ్ళ చేతులను దీవించమని అడుగుదాం. లెక్చరర్ గారిని కూడా క్షమించమని అడగాలి. ఆ మాట నేనొక్కదాన్నే అనలేను, మీరూ అనండి. ఆమేన్.