మనిషికి ఒక్క నొక్కు

ఆక్లాండ్‌లో మా మనురేవా రగ్బీ లీగ్ క్లబ్బు గేటు దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడిన అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. ఆంటీ ఫోన్ చేసేసరికి నేను గోడౌన్‌లో సరుకు దింపిస్తున్నాను. "మీ అంకుల్ లేరు బాబూ" అని మాత్రం అన్నారు. "వస్తున్నా ఆంటీ" అన్నాను. నాకు మాటలు తక్కువ. ఏ రోజు సంగతి ఆ రోజు నోటుబుక్కులో రాసిపెట్టుకునే అలవాటు ఉంది. ఆ పుస్తకాలు తిరగేసి ఇది రాస్తున్నాను.

ఆయన ఫిజీలో పుట్టిన తెలుగువారు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, మధ్యమధ్యలో ఫిజీ హిందీ. నేను న్యూజిలాండ్ వచ్చిన మొదటి చలికాలంలో, ఏమీ తోచక, అరుపులు వినిపించిన వైపు నడిచి ఆ మైదానం చేరాను. గేటు దగ్గర ఆగిపోయాను. "ఏం తమ్ముడూ, లోపలికా బయటికా? గేట్లో నిలబడితే ఏ లెక్కలోకీ రావు" అన్నారు. నా మొహం చూసే తెలుగని ఎలా పోల్చారో ఇప్పటికీ తెలియదు. లోపలికి అడుగేశాను. ఆయన చేతిలో ఇనుప యంత్రం టక్కుమంది.

అది మనుషుల్ని లెక్కపెట్టే యంత్రం. బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. చంకలో పాపకీ ఒక నొక్కు ఉంటుంది, కుక్కకి ఉండదు. అవతలి ఊరి చొక్కా వేసుకొచ్చినవాడికీ ఒక నొక్కు. మధ్యలో బయటికి వెళ్ళేవాళ్ళ చేతికి ఎర్ర రబ్బరు బ్యాండు వేసేవారు. తిరిగి వచ్చేటప్పుడు అది తీసుకుని, నొక్కకుండా పంపేవారు. "మనిషికి ఒక్క నొక్కే. రెండోసారి నొక్కావంటే లేని మనిషిని నువ్వే పుట్టించినట్టు" అనేవారు.

ఆ లెక్కకి మా దగ్గర చాలా విలువ. దక్షిణాన, విమానంలో వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న డునెడిన్‌లో ఒక క్లబ్బుతో మాకు ఏటా పోటీ. ఒక మ్యాచ్ అక్కడ, ఒకటి ఇక్కడ. మూడోది ఏ ఊళ్ళో జనం ఎక్కువ వస్తే ఆ ఊళ్ళో. ఆట ఎవరు గెలిచినా సరే, మూడో మ్యాచ్ మాత్రం జనం గెలవాలి. రెండు వైపులా కాగితం మీద ఒప్పందమేమీ లేదు. గేటు దగ్గరి మనిషి చెప్పిన అంకెని అవతలి ఊరు నమ్మాలి, అంతే.

డునెడిన్ గేటు చూసేది ఒక గుంటూరు నర్సమ్మ, అక్కడి హాస్పిటల్లో పని. మ్యాచ్‌కి ముందురోజు అంకుల్‌కి ఫోన్ చేసి కవ్వించడం ఆవిడకి సరదా.

"ఏం అంకుల్, మీ ఆక్లాండ్ జనం ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారా?"

"మీవాళ్ళు చలికి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడతారు గదమ్మా, ఇద్దర్నీ విడదీసి లెక్కపెడుతున్నావా?"

పోయిన ఏడాది పరిస్థితి వేరు. అంకుల్ గుండె బాగా దెబ్బతింది. డాక్టర్ విమానం ఎక్కొద్దన్నాడు. మరో సీజన్ చూడరని ఆంటీ నాతో మెల్లగా చెప్పారు. మూడో మ్యాచ్ ఇక్కడ జరిగితే ఆయన చూస్తారు, డునెడిన్‌లో జరిగితే చూడలేరు. క్లబ్బులో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆయన మాత్రం ఆ మాట ఎత్తలేదు.

మా ఊళ్ళో రెండో మ్యాచ్ రోజున పొద్దున్నుంచీ ముసురు. ఆయన పెద్ద గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. కార్లు ఆపే వైపు గేటు నాకు అప్పగించి, ఒక యంత్రం, ఒక ప్యాకెట్ ఎర్ర రబ్బరు బ్యాండ్లు ఇచ్చారు. డునెడిన్ అంకె నా అరచేతిలో పెన్నుతో రాసి ఉంది. చినుకులకి అది చెరిగిపోతున్నా నాకు కనిపిస్తూనే ఉంది.

సగం ఆట అయ్యాక మన తెలుగు కుటుంబాలు కార్ల దగ్గరికి నడిచాయి. డిక్కీల్లో పులిహోర డబ్బాలు, ఫ్లాస్కుల్లో టీ. వాళ్ళు వెళ్ళేటప్పుడు బ్యాండ్లు వేయడం మరిచిపోయాను. ఇది నిజం. తిని తిరిగి వస్తున్నప్పుడు గుర్తొచ్చింది. ఇదీ నిజమే. మొదటి మనిషి గేటు దాటాడు. నా బొటనవేలు నొక్కింది. తర్వాతి మనిషికీ నొక్కింది. నేను ఆపలేదు.

ఆట అయ్యాక క్లబ్బు గదిలో రెండు యంత్రాల అంకెలు కలిపారు. డునెడిన్ కంటే పదకొండు ఎక్కువ. సెక్రటరీ, పెద్ద శరీరం కివీ మనిషి, బల్ల మీద గుద్ది కేకేశాడు. ఎవరో అంకుల్ భుజాలు పట్టుకుని ఊపారు. సెక్రటరీ మైకు అందుకున్నాడు. అంకుల్ నా వైపు చెయ్యి చాపారు.

"బ్యాండ్లు ఇవ్వు తమ్ముడూ."

ప్యాకెట్ ఇచ్చాను. సీలు కూడా తీయలేదు. దాన్ని ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరూ బయటికి వెళ్ళలేదా?"

"వెళ్ళారు అంకుల్."

"ఎంతమంది?"

ఆ గదిలో అంత గోలలోనూ నాకు గోడ గడియారం వినిపించింది. నాకు తెలియదని అనొచ్చు. కానీ తెలుసు. దేన్నీ లెక్కపెట్టకుండా ఉండలేను నేను.

"పంతొమ్మిది."

సీలు తీయని ప్యాకెట్ చూసి సెక్రటరీకి అర్థమైంది. మైకు దించి, ఇంగ్లీషులో గొంతు తగ్గించి అన్నాడు. "వదిలెయ్యి మిత్రమా. వాళ్ళకి తెలియదుగా. ఈ మ్యాచ్ నీకోసం."

"నాకోసమైతే నన్నే చెప్పనీ" అని అంకుల్ మైకు తీసుకున్నారు. ఆ పంతొమ్మిదీ తీసేసి, డునెడిన్ కంటే ఎనిమిది తక్కువ ఉన్న అంకె చదివారు. బయట మా వాళ్ళు ఒక్కసారిగా చల్లబడిపోయారు. "గేటు నాది, పొరపాటూ నాదే" అని మైకు కట్టేశారు.

నన్ను ఒక్క మాట అనలేదు. కారు దాకా నడిపిస్తుంటే, "డునెడిన్‌కి నువ్వెళ్ళు. ఆవిడ నిన్ను సరిగ్గా నొక్కుతుందో లేదో చూసి చెప్పు" అన్నారు.

వెళ్ళాను. జరిగింది నర్సమ్మకి చెప్పాను. ఆవిడ నా ముందే ఒక్కసారి నొక్కి, "లోపలికెళ్ళండి, ఆట మొదలవుతోంది" అన్నారు. మేము ఓడిపోయాం. ఫోన్ చేస్తే అంకుల్ స్కోరు అడగలేదు. "మనవాళ్ళు ఎంతమంది వచ్చారు?" అన్నారు. చెప్పాను. "బాగానే వచ్చారు" అన్నారు.

శుక్రవారం అంత్యక్రియల హాలు తలుపు దగ్గర ఆంటీ నా చేతిలో ఆ యంత్రం పెట్టారు, బ్యాండ్ల ప్యాకెట్‌తో సహా. "ఎంతమంది వచ్చారో నాకు చెప్పు బాబూ. లేకపోతే ఆయన ఊరుకోరు" అన్నారు. కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నొక్కుతూ నిలబడ్డాను. సెక్రటరీ వచ్చాడు. చంకలో పాపలతో తల్లులు వచ్చారు. డునెడిన్ నుంచి నర్సమ్మ వచ్చారు, నల్ల కోటు లోపల వాళ్ళ ఊరి చొక్కా వేసుకుని.

కాసేపటికి ఆవిడ కారులో మరిచిపోయిన పూలు తెచ్చుకోవడానికి బయటికి బయలుదేరారు. తలుపు దగ్గర ఆగి, ముంజేయి చాపారు. ప్యాకెట్ సీలు చింపి ఒక బ్యాండు వేశాను. పూలతో తిరిగి వచ్చినప్పుడు దాన్ని తీసి ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆ ఎర్ర బ్యాండు చేతితోనే ముందుకి నడిచి ఆయన కాళ్ళ దగ్గర పూలు పెట్టారు. జేబులో నా బొటనవేలు యంత్రం మీదే ఉంది. నొక్కలేదు.