రేవు రేవుకీ పోకుండలు

రాజమండ్రి నుంచి పాపికొండలకు వెళ్లే లాంచీలో భోజనం పెడతారు గానీ, మావాళ్లకు అది ఆనదు. రేవు రేవుకీ ఇంటి జంతికల సంచులతో దిగి, గట్టున కూర్చుని తిని, మళ్లీ ఎక్కుతారు. తిండి చూస్తే నోరు ఊరినట్టు, జనాన్ని చూస్తే నాకు అబద్ధం ఊరుతుంది. ఆ రోజూ ఊరింది.

"పోయినేడు పేరంటపల్లి గట్టున జంతికలు పక్కన పెట్టానండి. ఓ గడ్డంవాడొచ్చి సంచీతో సహా ఎత్తుకుపోయాడు! వరదలో దుంగ మీద కొట్టుకొచ్చాడంట. పేరే మర్చిపోయాడు. కొండ మీదోళ్లే సాకుతున్నారండి."

"మీ జంతికలు తిన్నాకైనా గుర్తొచ్చిందా అండీ?" అన్నాడొకాయన. లాంచీ అంతా నవ్వింది.

పేరంటపల్లిలో దిగగానే, జుట్టు నెరిసిన ఒకావిడ స్టీలు డబ్బా పట్టుకుని నా వెనకే వచ్చింది.

"బాబూ, ఆ అబ్బాయి ఎడం చేతి మీద కాలిన మచ్చ ఉందాండీ?"

ఎవరబ్బాయండీ అని అడిగాను. రెండేళ్ల కిందట వరదలో పడవ తిరగబడి వాళ్లబ్బాయి పోయాడట. శవం దొరకలేదట. అప్పట్నుంచీ వీలైనప్పుడల్లా లాంచీ ఎక్కి, వాడికిష్టమైన బెల్లం పోకుండలతో ప్రతి రేవులోనూ దిగి వెతుకుతోందట.

"అబద్ధమండి, అమ్మా. నవ్వించడానికి చెప్పాను."

"తెలుసండి. అయినా ఉందని ఒక్కసారి అనండి."

లాంచీ హారన్ కొడుతోంది. "ఉందండి," అన్నాను.

ఆవిడ డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఈసారి కనిపిస్తే మీరే పెట్టండి బాబూ. నేనింక తిరగలేను."