ముడతలేని దుప్పటి

మా నాచారం గల్లీలోని నర్సింగ్ హోంకి అడ్మినిస్ట్రేటర్ హవల్దార్ ఏలియా. జనగామ దిక్కు పల్లెలో పుట్టి, పద్దెనిమిదేళ్లు మిలిటరీలో చేసి వచ్చాడు. ముందు ఆయన మీసం వార్డులోకి వస్తుంది, ఐదు నిమిషాలకు మనిషి వస్తాడు. తెల్లవారి ఐదింటికి ఆయన ఈల ఊదితే ఉప్పల్ కుక్కలన్నీ లేచి నిలబడతాయి. ఇక రోగులెంత! పాపం, లేచి స్టూళ్ల మీద కూర్చుంటే, ఈయన దుప్పట్లు వేలితో నొక్కి చూస్తాడు. ముడత కనిపించిందా, నర్సు షైనీ ఏడ్చేదాకా వదలడు.

మొన్న కమలకుమారి లేవలేదు. ముందురోజే ఆమెకు కడుపు ఆపరేషన్ అయింది.

"కుట్లు తెగిపోతాయండీ బాబూ, లేపకండి!" అని భర్త త్రిమూర్తులు అడ్డం నిలబడ్డాడు.

"లేవకుంటే మానె. పక్క మాత్రం సాపుగుండాలె," అంటూ ఏలియా, ఆమె పడుకుని ఉండగానే తెల్లదుప్పటి మెడదాకా లాగి, అంచులన్నీ పరుపు కిందికి బిగించి తోశాడు. ఆమెకు కాలివేళ్లు కూడా కదల్లేదు.

"శవాన్ని చుట్టినట్టు చుట్టారేంటండీ!" అంది కమలకుమారి.

ఏలియా చేతులు ఆగిపోయాయి.

"గట్లనే చుట్టేటోళ్లం," అన్నాడు మెల్లగా. "కార్గిల్ కాడ. పదకొండు మందిని నేనే చుట్టిన."

వంగి, ఆమె కాళ్ల దగ్గర దుప్పటి వదులు చేసి వెళ్లిపోయాడు.

మారాడనుకున్నారా? మర్నాడు ఐదింటికి అదే ఈల, షైనీకి అవే తిట్లు.

"కాళ్లకాడ ఎందుకు బిగించినవ్? మనుషులు కాళ్లు ఆడియ్యొద్దా?"