డాక్టర్ కోసిబాకి లెక్క తెలియదు

మా డాక్టర్ బెర్నార్డ్ కోసిబాకి ఒకటే జబ్బు. ఫుట్‌బాల్ జట్లు పుట్టిన దగ్గర్నుంచీ ఇప్పటిదాకా ఎన్ని ఆటలు గెలిచాయో, ఎన్ని ఓడాయో, ఎన్ని టై చేసుకున్నాయో కనబడ్డవాడికల్లా ఒప్పజెబుతాడు. అంతవరకూ అయితే మా ఊళ్లో అది జబ్బు కింద లెక్కే కాదు. క్లీవ్‌లాండ్ పక్కన పార్మాలో ఆ మాత్రం చెప్పలేనివాడికి పిల్లనివ్వరు. కానీ ఈయన చెప్పేది తప్పు. ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తప్పు.

ఆయన పళ్ల డాక్టరు. నేను ఆయన పక్కన నిలబడి పనిముట్లు అందించే రోజ్‌మేరీని. అంటే ఊళ్లోవాళ్లు ఆ తప్పుల్ని ఏడాదికి ఒకసారో రెండుసార్లో వింటే, నేను పూటపూటా విన్నదాన్ని.

ఆదివారం ఆట ఎలా జరిగిందని ఆయన్ని అడగకూడదు. "ఒక్క ఆదివారంలో ఏముందమ్మా? మొత్తం మీద చూడాలి" అంటాడు. నేను పనికి ఆలస్యంగా వస్తే గడియారం వైపు కూడా చూడడు. "ఇవాళ ఓడిపోయావు రోజీ. మొత్తం మీద నీ రికార్డు గట్టిదే. కంగారు పడకు" అంటాడు. వాళ్లావిడ హెలెన్‌తో వాదనల్లో ఆయనది ఒకే ఒక్క గెలుపు. అది కూడా ఆవిడకి జలుబు చేసి గొంతు పోయిన రోజు సాధించాడు.

అసలు సంబడమంతా కుర్చీలో మనిషి నోరు తెరిచాక మొదలవుతుంది. రొట్టెల దుకాణం మిసెస్ పావ్లిక్ ఒకసారి వచ్చింది. నోట్లో అద్దం, గొట్టం, రెండు దూది ఉండలు. డాక్టరు సూది పుచ్చుకుని పైకప్పు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి మిసెస్ పావ్లిక్. మొత్తం గెలుపుల్లో గ్రీన్ బే జట్టువాళ్లు మనకంటే వెనకే ఉన్నారు పాపం."

"ఆఁ! ఊఁ! ఊఁహూఁ!"

"ఔనంటారా? నేనూ అదే అనుకున్నా."

ఆవిడ రెండు చేతులూ గాల్లో తిప్పింది. కాళ్లు తన్నుకుంది. దూది తీయగానే, "కాదయ్యా మహానుభావా! వాళ్లు మనకంటే ఎంతో ముందున్నారు! పళ్లు పీకేవాడివి పళ్లు పీకు, మాకు పరువు తక్కువ మాటలెందుకు?" అని అరిచింది. డాక్టరు "అలాగా!" అని నోరు తెరుచుకుని విన్నాడు. ఆవిడ ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది, దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పింది. పన్నుకి మాసిక వేయించుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక పోలీసు సార్జెంటయితే కుర్చీలోంచి ఈయన్ని అరెస్టు చేసినంత పని చేశాడు. మా బ్రౌన్స్ జట్టు ఒక ఏడాది పదహారు ఆటలకి పదహారూ ఓడిపోయింది. ఆ చలిలో అభిమానులు దానికి ఊరేగింపు కూడా తీశారు. మాకు అదొక పండగ, తద్దినం కలిసొచ్చిన రోజు. డాక్టరు ఆ సార్జెంటుతో "ఆ ఏడాది ఒకటి గెలిచినట్టున్నాం కదూ?" అన్నాడు. మేం పడ్డ కష్టాన్ని ఒక్క ముక్కలో తీసిపారేశాడు! సార్జెంటు వేలు పైకెత్తి, నోరు తెరిచిన వాడు తెరిచినట్టే గుర్రుగుర్రుమంటూ పదహారు అని చూపించడానికి వేళ్లు చాలక అవస్థ పడ్డాడు.

నాకు సిగ్గుగా ఉండేది. "డాక్టరు గారూ, బయటి గదిలో రికార్డుల పుస్తకం పెట్టారు కదా. ఒక్కసారి తిరగేయొచ్చుగా?" అనేదాన్ని. "తిరగేస్తాను రోజీ" అనేవాడు. మర్నాడు ఇంకో కొత్త తప్పు.

ఊళ్లో ఆయన తప్పుల్ని అందరికంటే ఎక్కువగా అసహ్యించుకునేవాడు వాల్టర్ జెల్కో. అంత్యక్రియలు జరిపించే సంస్థ ఆయనది. ఊళ్లో పోయిన పెద్దలందరికీ ఆఖరిసారి తల దువ్వి, కోటు తొడిగి పంపింది ఆయనే. జట్ల రికార్డుల్లో ఆయన మాటకి తిరుగులేదు. అలాంటి మనిషికి ఒకే ఒక్క భయం, మా కుర్చీ.

ఆ వసంతంలో ఆయన కింది దవడలో పన్ను పుచ్చి చీము పట్టింది. చెంప బన్నులా ఉబ్బింది. ఫోన్ చేసి టైము తీసుకున్నాడు, రాలేదు. మళ్లీ తీసుకుని మా గుమ్మం దాకా వచ్చి, తలుపు మీది పేరు చదివి, పని గుర్తొచ్చిందని వెనక్కి తిరిగాడు. చివరికి డాక్టరే మందులు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికెళ్లాడు.

"వాల్టర్, ఈ మందులు వాపుని ఆపుతాయి. పన్ను మాత్రం తీసెయ్యాలి. ఇంకా నానిస్తే చీము రక్తంలోకి పోతుంది. ప్రాణం మీదికొస్తుంది."

"శవాలతో కాపురం చేసినవాణ్ణి, నాకు భయమా?" అన్నాడు వాల్టర్, పళ్లు విప్పకుండా. "పని ఒత్తిడి. అంతే."

"నీ పని ఇంకొకడు చేయాల్సొస్తుందయ్యా, నీకే!"

"శనివారం వస్తాన్లే" అన్నాడు వాల్టర్. ఆ రావడం ఎలాంటిదో మాకు తెలుసు.

ఇక్కడ మా పారిష్, అంటే మా చర్చి కిందికొచ్చే పేటవాళ్ల గొడవ ఒకటి చెప్పాలి. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో వేయించిన చేపలు, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటి పియెరోగీలు తింటాం. అందులో ఒక శుక్రవారం పక్క పారిష్ వాళ్లతో రికార్డుల పోటీ. వాళ్లవైపు ముగ్గురు, మావైపు ముగ్గురు. ఎవరి వంతుకి వాళ్లే లేచి చెప్పాలి, పక్కవాడు అందించకూడదు. మావైపు మా చర్చి ఫాదర్ టాడియస్, మిసెస్ పావ్లిక్, వాల్టర్. మేం చాలా ఏళ్లుగా ఓడుతున్నాం. ఈసారి వాల్టర్‌కి నోరే విచ్చుకోవడం లేదు.

గురువారం ఫాదర్ మా క్లినిక్‌కి వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"బెర్నార్డ్, ఊరంతా అడిగాను. ఒకడికి జ్వరం, ఒకడికి డ్యూటీ, ఒకడికి భార్య. నువ్వే మిగిలావు. వచ్చి కూర్చో. తెలియకపోతే తెలియదని చెప్పు, పరువుగా ఉంటుంది."

డాక్టరు మొహం చూడాలి అప్పుడు! మిఠాయి కొట్టు తాళాలు చేతికిచ్చినట్టు వెలిగిపోయింది. ఫాదర్ వెళ్లగానే నేను రికార్డుల పుస్తకం తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. రాత్రికి రాత్రి ఎంతో కొంత బట్టీ పట్టిద్దామని నా ఆశ.

"షికాగో?"

చెప్పాడు. గెలుపులు, ఓటములు, టైలు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు.

"డెట్రాయిట్?" చెప్పాడు. "పిట్స్‌బర్గ్?" మా బద్ధశత్రువులు కాబట్టి పళ్లు కొరుకుతూ చెప్పాడు, కానీ సరిగ్గానే చెప్పాడు. ఒకప్పుడు టైలని శాతంలో కలిపేవాళ్లు కాదని, ఇప్పుడు అర గెలుపు కింద లెక్కేస్తారని, దాంతో ఎవరి శాతం ఎలా మారిందో కూడా చెప్పాడు. నేను పుస్తకం మూసేశాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇన్నేళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట!"

"నిన్ను కాదు రోజీ" అని నవ్వాడు. "కొత్తలో నేనూ సరిగ్గానే చెప్పేవాణ్ణి. ఎవరూ వినేవాళ్లు కాదు. కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయేవాళ్లు. ఒకరోజు ఒక ముసలావిడకి సూది వేస్తూ నోరు జారాను. టై ఒకటి తక్కువ చెప్పాను. ఆవిడ కుర్చీ వదిలేసి వేలెత్తి నామీదికొచ్చింది. ఈలోగా సూది వేసేశాను. ఆవిడకి తెలియనే లేదు. కోపమొచ్చిన మనిషికి భయం గుర్తుండదు రోజీ. మన ఊరివాళ్లకి దీనికి వచ్చినంత కోపం ఇంక దేనికీ రాదు."

"రేపు నిజం చెబితే? అందరికీ తెలిసిపోతుందిగా?"

ఆయన చేతిగుడ్డ మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. "తెలిస్తే తెలియనీ. మా నాన్న ప్రార్థన కంటే ముందు నాకు ఈ లెక్కలే నేర్పాడు. ఊళ్లో అందరిముందూ ఒక్కసారి సరిగ్గా చెప్పాలని నాకూ ఉండదా? ఒక్క సాయంత్రం. మిగతాది తర్వాత చూసుకుందాం."

శుక్రవారం హాలు కిక్కిరిసిపోయింది. వాల్టర్ మెడగుడ్డని గడ్డం కింద నుంచి నెత్తి మీదికి కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. తన కుర్చీలో డాక్టర్ని చూసి కళ్లతోనే పాడె కట్టేశాడు. లోపలికి వస్తుండగా ఫాదర్‌తో ఆయన అన్న మాట నేనూ విన్నాను, డాక్టరూ విన్నాడు. "రేపూ వెళ్లను ఫాదర్. తగ్గిపోయింది" అన్నాడు. అంటున్నప్పుడే నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫాదర్ బాగా చెప్పాడు. మిసెస్ పావ్లిక్ ఇరగదీసింది. చివరికి ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ప్రశ్నలు చదివేవాడు ఆఖరి ప్రశ్న మాకు వేశాడు. చెప్పాల్సింది డాక్టరు. చెబితే కప్పు మాది, తప్పితే పోయినేడు గెలిచిన పక్క పారిష్ వాళ్లదే.

"బ్రౌన్స్ ఈ లీగులోకి రాకముందు వేరే లీగులో నాలుగేళ్లు ఆడింది. ఆ నాలుగేళ్ల మొత్తం చెప్పండి. గెలుపు, ఓటమి, టై."

హాలంతా హమ్మయ్య అనుకుంది. అంత తేలికైన ప్రశ్న! అవి మా స్వర్ణయుగం రోజులు. లీగు పెద్దలు ఏళ్ల తరబడి వాటిని లెక్కలో కలపకపోతే మేం ఇంటింటా కలుపుకున్నాం. నలభై ఏడు, నాలుగు, మూడు. పార్మాలో కొందరి ఇంటి తాళానికి అదే నంబరు.

డాక్టరు లేచాడు. మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది. "నలభై ఏడు గెలుపులు" అన్నాడు గట్టిగా. ఫాదర్ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. "నాలుగు..."

అప్పుడు ఆయన చూపు వాల్టర్ మీద పడింది. వాల్టర్ చెంప పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. డాక్టరు ఆగాడు. నాకు విషయం అర్థమై "వద్దు, వద్దు" అనుకున్నాను. వాల్టర్ బతకాలి, నిజమే. ఈయన కూడా ఒక్కసారి గెలవాలి కదా అని నా గోల.

"కాదు కాదు" అన్నాడు డాక్టరు. "ఐదు ఓటములు. రెండు టైలు."

చేపల పళ్లెం ఒకటి కిందపడింది. పక్క పారిష్ వాళ్లు బల్లలెక్కారు. వాల్టర్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "న్నాలుగూ! మ్మూడూ!" అని బిగుసుకున్న దవడలోంచే గర్జించాడు.

"నాకలాగే గుర్తుంది వాల్టర్" అన్నాడు డాక్టరు తాపీగా. "కాదంటే రేప్పొద్దున రా. కూర్చుని తేల్చుకుందాం."

"వస్తా! వస్తా!"

కప్పు పక్క పారిష్‌కి పోయింది. ఫాదర్ టాడియస్ డాక్టర్ భుజం మీద చెయ్యి వేసి, "దేవుడు వెంటనే క్షమిస్తాడు బెర్నార్డ్. నాకు కొంచెం వ్యవధి కావాలి" అన్నాడు.  కారు దగ్గర డాక్టరు కోటు గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. నేను విప్పి సరిగ్గా పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది.

శనివారం నేను తాళం తీసేసరికే వాల్టర్ మెట్ల మీద ఉన్నాడు. నన్ను తోసుకుని లోపలికి పోయి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"ఏడాది వారీగా చెబుతా, విను!"

"చెప్పు. నోరు బాగా తెరిచి చెప్పు, ఒక్క ముక్కా వినబడటం లేదు" అన్నాడు డాక్టరు.

వాల్టర్ నోరు తెరిచాడు. పంతొమ్మిది వందల నలభై ఆరులో పన్నెండు గెలుపులు, రెండు ఓటములు అనేలోగా సూది పడింది. దవడ మొద్దుబారేదాకా డాక్టరు నమ్మనే లేదు. పుస్తకం తెమ్మన్నాడు, కళ్లజోడు వెతికాడు, అచ్చుతప్పేమో అన్నాడు. వాల్టర్‌కి కోపంతో నెత్తురు పొంగిపోతోంది. నలభై ఏడులో పన్నెండు, ఒకటి, ఒకటి అని వేళ్లతో చూపించాడు. నలభై ఎనిమిది రాగానే రెండు చేతులూ పైకెత్తేశాడు. పధ్నాలుగు గెలుపులు, ఓటమన్నదే లేదు! డాక్టరు మణికట్టు అప్పుడే తిరిగింది. వాల్టర్ ఆగకుండా నలభై తొమ్మిదిలోకి వెళ్లిపోయాడు. తొమ్మిది, ఒకటి, రెండు.

"కలుపు ఇప్పుడు! ఎంతయింది?"

"నలభై ఏడు, నాలుగు, మూడు" అన్నాడు డాక్టరు. తలొంచుకుని, మెల్లగా, ఒక్కొక్క అంకె రుచి చూస్తున్నట్టు అన్నాడు.

వాల్టర్ తృప్తిగా వెనక్కి వాలి, పక్కనున్న పళ్లెంలోకి చూశాడు. "ఈ పన్నెవరిది?"

"నీదే."

"ఎప్పుడు తీశావు?"

"నలభై ఎనిమిదిలో."

వాల్టర్ పన్నుని చూశాడు. డాక్టర్ని చూశాడు. ఎంతోమంది మొహాలు ఓపిగ్గా చూసిన మనిషి కదా, ఈ మొహాన్ని కూడా కాసేపు అలాగే చూశాడు.  లేచి డాక్టర్ చెయ్యి పట్టుకుని ఊపాడు, చాలాసేపు వదల్లేదు.

బయటి గదిలో ఫాదర్ టాడియస్ కూర్చుని ఉన్నాడు. వ్యవధి చాలలేదనుకుంటా, డాక్టర్ని నాలుగు దులిపేయడానికే వచ్చాడు. "ఏమైంది వాల్టర్? తెలిసొచ్చిందా ఆయనకి?"

వాల్టర్ బుగ్గలో దూది సర్దుకున్నాడు. "అబ్బే! ఉత్త మొద్దు ఫాదర్. ఒక్క ముక్క తలకెక్కదు. నావల్ల కాలేదు" అన్నాడు. ఆ తర్వాత ఫాదర్ మొహంలోకి వంగి చూశాడు. "మీరు రొట్టె ఎప్పుడూ ఎడమపక్కనే నములుతారేం? సరేలెండి, లోపలికెళ్లి మీరే చెప్పండి. ఆ కుర్చీలో కూర్చుని, నోరు బాగా తెరిచి, గట్టిగా చెప్పాలి సుమా."

ఫాదర్ చొక్కా చేతులు మడుచుకుంటూ లోపలికి నడిచాడు. నేను సూది తయారు చేయడానికి వెనకే వెళ్లాను.