పరదా దాటొచ్చిన పాట

పాట వినాలంటే ముందు ఆగ్నేయ మూల ఎటుందో వెతుక్కోవాల్సిన రోజులు కూడా ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. శాటిలైట్ రేడియో కొత్తగా వచ్చిన కాలం అది. ఆకాశంలో ఎక్కడో ఉన్న ఉపగ్రహం పగలూ రాత్రీ పాటలు పంపుతుంటే, అరచేతంత యాంటెన్నాను సరిగ్గా దానివైపు తిప్పి పెట్టాలి. మా హైదరాబాదుకు అది ఆగ్నేయ దిక్కున ఉండేది. (వాస్తు ప్రకారం కట్టిన ఇళ్లలో ఆ మూల వంటగది ఉంటుంది కనుక, అంత ఖరీదైన రేడియో పోపులడబ్బా పక్కన చేరి ఇంగువ వాసనతో పాడేది.) మధ్యలో గోడ అడ్డమొస్తే మాత్రం మూగనోము పట్టేది. నేనప్పుడే డిగ్రీ గట్టెక్కి, అఫ్జల్‌గంజ్‌లో ఒక సేఠ్ దుకాణంలో ఆ రేడియోలు అమ్మే పనికి కుదిరాను. గోడల సంగతి ఎవరైనా అడిగితే చెప్పమని మాకొక మంత్రం నేర్పారు: రిపీటర్లు. నేలమీద స్తంభాలు పాతుతారట, అవి ఉపగ్రహం పాటను అందుకుని మళ్లీ ఇళ్లలోకి పంపుతాయట. అవి వచ్చాక రేడియోను బీరువాలో పెట్టి తాళం వేసినా పాడుతుందట. నేను ఒక్క రిపీటర్‌నైనా చూసిన పాపాన పోలేదు కానీ, వాటిని మా మేనమామే దగ్గరుండి పాతిస్తున్నంత ధీమాగా చెప్పేవాణ్ని.

ఆ ధీమా చూసి రేడియో కొన్నాయన పురానాపూల్ దగ్గర గల్లీలో వాచీలు బాగుచేసే పెద్దాయన. అందరూ గడియారం సాబ్ అనేవాళ్లు. మోకాళ్లు పట్టేసి వెనక గదిలో మంచానికే పరిమితమైన భార్య కోసం, అంటే నేను చాచీ అని పిలిచే ఆవిడ కోసం, ముచ్చటపడి కొన్నాడు. రేడియో మిద్దె మీద బ్రహ్మాండంగా పాడింది. చాచీ గదిలోకి తెస్తే నోరు విప్పలేదు. ఇక ఆయన రోజూ దుకాణానికి వచ్చి, ఆలస్యమైన రైలు గురించి అడిగినట్టు రిపీటర్ వచ్చిందా అని అడిగి వెళ్లేవాడు. ఒకరోజు మాత్రం కూర్చుండిపోయాడు. "మిద్దె మీద పావురాలు మస్తు ఇంటున్నయ్ బేటా. నేను పావురాలకు కొన్ననా?" అన్నాడు. ఆయన వెళ్లాక సేఠ్ నన్ను పిలిచి, డబ్బా వాపస్ వస్తే దాని ఎంట నువ్వు గూడ ఇంటికి పోవుడే అని తేల్చేశాడు. నా ఉద్యోగం ఇంకా పరీక్షలోనే ఉంది మరి.

మర్నాడే వాళ్లింటికి వెళ్లి, యాంటెన్నాను బోనంలా నెత్తిన ఎత్తుకుని గదిగదీ తిరిగాను. చివరికి చాచీ గదిలో, గోడకు పేర్చిన పరుపుల వెనక, సరిగ్గా ఆగ్నేయం వైపు ఒక కిటికీ కనిపించింది. నా ప్రాణం లేచొచ్చింది. గడియారం సాబ్ తల అడ్డంగా ఊపాడు. "అది తెరువం బేటా. అటు పక్కింటోళ్ల ఆంగన్. ఆడోళ్లు తిరుగుతరు. మా అబ్బా జమానా నుంచి బంద్." తెరిస్తే వాళ్ల లోపలి వాకిలి కనిపిస్తుంది కనుక పక్కింటి ఖాలా ఒప్పుకోవాలి. ఆమెను ఈయన అడగడం మర్యాద కాదు. మోకాళ్లు బాగున్నప్పుడు మిద్దె మీద ఆమెతో గంటలకొద్దీ ముచ్చట్లాడిన చాచీ ఇప్పుడు నడవలేదు. చివరికి రాయబారం నా నెత్తిన పడింది.

ఖాలా గుమ్మానికి పరదా వేలాడుతోంది. పరదాకు ఉపగ్రహం గురించి వివరించిన మొదటి మానవుణ్ని బహుశా నేనే. అవతల గాజులు తప్ప ఏమీ పలకడం లేదు. అంతా విన్నాక ఒకే ప్రశ్న వచ్చింది. "గంత పైన ఉంటదంటివి. మరి దానికి మా ఆంగన్ కనబడతదా?" ఉపగ్రహం, యాంటెన్నా ఒకదాన్నొకటి చూసుకోవాలని నేర్చుకున్న పాఠం నా నాలుక మీదే ఉంది. పైగా సరుకు గొప్పతనం చెప్పుకునే అవకాశం. "ఆంగన్ ఏంది ఖాలా, మొత్తం ఆసియానే కనబడతది" అన్నాను. పరదా వెనక తలుపు గడియ పడింది. సాయంత్రానికల్లా గల్లీలో ప్రతి ఇంటి ఆంగన్ మీద దుప్పట్లు పందిళ్లలా వెలిశాయి. మిద్దెల మీద తల ఆరబెట్టుకునేవాళ్లు మాయమయ్యారు. గల్లీ చివర నలుగురు పెద్దలు నన్ను నిలబెట్టి సంజాయిషీ అడిగితే, కంగారులో మళ్లీ రిపీటర్ల ప్రస్తావన తెచ్చాను. గవి గూడ చూస్తయా అన్నారు.

ఇక డబ్బా, నేను కలిసి వాపస్ వెళ్లడమే మిగిలిందనుకుని మర్నాడు చాచీ గదిలో తల వంచుకుని నిలబడ్డాను. ఆమె పడీపడీ నవ్వింది. పరుపులు జరపమని నాకు చెప్పి, మంచం మీద లేచి కూర్చుని, అడకత్తెరతో ఆ మూసిన కిటికీని టకటకా కొట్టి ఖాలాను పిలిచింది. "ఆ పైనున్నది గుడ్డిదే. పాడుడు ఒక్కటే ఎరుక. చూసేదే అయితే ఈ పోరడు గిట్ల గోడలు పట్టుకొని తిరుగుతడా?" అవతల ఎన్నాళ్లనుంచో ఆపుకున్నట్టు ఒక నవ్వు. కిటికీ తెరవొచ్చు, కానీ అడ్డంగా దుప్పటి కట్టాలని ఖాలా షరతు పెట్టింది. పాట దుప్పటి దాటుతుందో లేదో మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. దుప్పటి కట్టి, తుప్పు పట్టిన గడియ లాగి, యాంటెన్నా పెట్టి కళ్లు మూసుకున్నాను. గోడకు ఆగిపోయిన పాట దుప్పటికి ఆగలేదు. గదంతా నిండిపోయింది. సంతోషంతో నాకు ఏడుపొక్కటే తక్కువ. పాట సగమైనా కాకముందే చాచీ, జర తగ్గియ్యి బేటా, ఖాలా మాట ఇనబడతలేదు అంది.

సేఠ్ నన్ను ఉంచుకున్నాడు. రిపీటర్లు మాత్రం మా ఊరికి రానేలేదు. కొన్నేళ్లకు ఆకాశం నుంచి ఆ పాటలే ఆగిపోయాయి. ఏం తిడతారోనని సంజాయిషీలన్నీ బట్టీ పట్టుకుని చాచీ దగ్గరికి వెళ్లాను. కిటికీ తెరిచే ఉంది, దుప్పటి వెలిసిపోయింది. "బంద్ అయిందా? మేం చూస్కోనే లేదు బేటా" అంది చాచీ, పాన్ నములుతూ. వెంటనే కిటికీ వైపు తిరిగి ఆ కబురు ఖాలాకు అందించింది. ఖాలా గొంతు అటుపక్క ఇంటికి చేరవేయడం నాకు వినిపిస్తూనే ఉంది. నేను చాయ్ తాగి గల్లీ చివరికొచ్చేసరికి పాన్ డబ్బా నడిపే భాయ్, రేడియో బంద్ అయిందంట గద అని పరామర్శించాడు. నేలమీద రిపీటర్ అంటే ఏమిటో ఆ రోజు నా కళ్లతో చూశాను.

ఇప్పుడు ఫోను బీరువాలో పెట్టినా పాడుతుంది. అయినా పాట మధ్యలో తెగితే నా చెయ్యి దానంతటదే ఆగ్నేయం వైపు తిరుగుతుంది. ఏం వెతుకుతున్నారని మా ఆవిడ అడుగుతుంది. నెత్తిన యాంటెన్నాతో గదులన్నీ తిరిగిన ఆ కుర్రాణ్ని వెతుకుతున్నానని ఎలా చెప్పను, సిగ్నల్ అనేస్తాను.