రేడియం అమ్మమ్మ ఫ్లెక్సీ

ఆ రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి. మా హాస్టల్ గది గోడల నిండ సినిమా హీరోలుంటే, నా మంచం పక్కన మాత్రం నల్లగౌను తొడుక్కొని, నవ్వుడు ఎప్పుడో మర్చిపోయినట్టున్న ఒక తెల్లామె ఫొటో ఉండేది. ఫిజిక్స్ చదివే మా బ్యాచ్‌ల పార్టీలు గూడ ఉండేవి. జుట్టు దువ్వుకునే తీరిక గూడ లేనంత ఆలోచించిండని ఒకామె జుట్టాయనను కొలిచేది. తలపాగా చుట్టుకొని పోయి, సముద్రం నీలంగ ఎందుకుంటదో లోకానికి చెప్పొచ్చిన మనాయనంటే ఇంకొకామెకు ప్రాణం. చక్రాల కుర్చీల కూసోని, వేలు గూడ కదలకుండ చుక్కల సంగతులు లెక్కగట్టినాయన పేరెత్తితే అందరం చెంపలేసుకునేవాళ్లం. నాకు మాత్రం ఆ ఫొటోల ఆమెనే, రేడియం కనిపెట్టిన మా రేడియం అమ్మనే. ఎందుకని ఎవరన్న అడిగితే సరైన మాటలు దొరక్కపోయేవి. "గొప్పది" అనేదాన్ని, అంతే.

ఆ పిచ్చితోనే ఎమ్మెస్సీ ఖతం జేసి, మిర్యాలగూడల ఒక చిన్న జూనియర్ కాలేజీల లెక్చరర్‌గ చేరిన. మా నాన్న మా ఊరు మోతె సెంటర్ల ఛాయ్ తాగేటోళ్లందరికి "మా బిడ్డ లెక్చరర్ అయింది" అని చెప్పుకున్నడు (తాగనోళ్లను గూడ కూసోబెట్టి చెప్పిండట). ఇక్కడ చూస్తే, నేను పాఠం మొదలుపెట్టంగనే పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి హాయిగ నిద్రపోతున్నరు. రైస్ మిల్లుల మోత వినుకుంట పెరిగిన పిల్లలకు నా గొంతు ఒక లెక్కనా! ఒకరోజు కరస్పాండెంట్ సారు పిలిచిండు. "మేడం, మీరు చెప్పేది మంచిగనే ఉంటది గానీ వినేటోడు లేడు. సైన్స్ డే నాడు ఏమన్న జెయ్యుండ్రి. పిల్లలు లేచి కూసున్నరా, మీరుంటరు. లేకుంటే ఇగ వేరే మేడంను చూసుకుంట" అన్నడు. నా సంగతి సరే, ఉద్యోగం పోతే మోతె సెంటర్ల నాన్న ఛాయ్ ఎట్ల తాగుతడు?

బాగ ఆలోచించి, రేడియం అమ్మ ఫ్లెక్సీ పెద్దగ కొట్టించి, గేటు కాడ పెట్టి, దాని కింద నిలబడి ఆమె గురించి చెప్దామనుకున్న. సైన్స్ డే ముందు రోజు ఫ్లెక్సీ కొట్టే అన్నకు వాట్సాప్‌ల ఫొటో పంపిన. ముసలితనపు ఫొటో, నలుపు తెలుపు. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రాసిన. "మాకు వెలుగు చూపిన తల్లీ, నిన్ను మరువలేము" అని ఒక లైను గూడ నేనే కట్టిన (నాకు కవిత్వం వస్తదనుకునే వయసు). కాసేపటికి అన్న ఫోన్ చేసిండు.

"మేడం, ఈ పెద్దామె మీకేమైతది?"

నేనేమో ఊపు మీదున్న. "నాకు అన్నీ ఆమెనే అన్నా. ఆమె లేకుంటే నేను ఈ చదువే చదవకపోయేదాన్ని."

అన్న మెల్లగ, "ధైర్యంగ ఉండుండ్రి మేడం. పొద్దుగాల్ల వరకు మీ కాలేజీ గేటుకు నేనే కట్టిస్త" అన్నడు. నా ఉద్యోగం పరేషాన్ ఈయనకెట్ల తెలిసిందో, ఎంత మంచి మనిషో అనుకొని కమ్మగ పడుకున్న.

తెల్లారి షేర్ ఆటో దిగేసరికి గేటు కాడ జనం. జనాన్ని చూసి మురిసిపోయిన, తలెత్తి చూసి చచ్చిపోయిన. అటొక దీపం, ఇటొక దీపం, నడుమ తెల్లపూల దండల రేడియం అమ్మ. పైన పెద్దక్షరాలతో "కన్నీటి శ్రద్ధాంజలి". కింద మూలకు గుండ్రంగ నా ఫొటో, "శోకతప్త హృదయంతో... మనుమరాలు" అని. అది నా వాట్సాప్ ఫొటో. మా చిన్నమ్మ కొడుకు పెండ్లిల కూలింగ్ గ్లాసులు పెట్టుకొని, పండ్లన్నీ బయటపెట్టి దిగింది!

పక్క టిఫిన్ సెంటర్ అక్క అప్పటికే అగరొత్తులు ముట్టిచ్చింది. మా కాలేజీ ఆయమ్మ, దామరచర్ల దిక్కు తండా ఆమె, గేటుకు ఆనుకొని కూసోని "యాడీ, యాడీ" అని (వాళ్ల మాటల అమ్మా అని) రాగం తీసి ఏడుస్తున్నది. పిల్లలు వరుసగ చేతులు కట్టుకొని నిలబడ్డరు. ఒక్కడు గూడ ఆవలించలే. కరస్పాండెంట్ సారు బంతిపూల దండ పట్టుకొని వచ్చి, "ఇంత బాధల గూడ డ్యూటీకొచ్చిన్రా మేడం" అన్నడు. నిజం చెప్పనీకి నోరు తెరిచిన. అంతల ఆయమ్మ నా చెయ్యి పట్టుకొని, చావుకు పోయినోళ్లందరు అడిగే మాటనే అడిగింది.

"ఎట్ల పోయింది బిడ్డా?"

ఆమె ఎప్పుడు పుట్టింది, ఏం కనిపెట్టింది, అన్నీ పరీక్షలల్ల రాసిన. ఎట్ల పోయిందని మాత్రం నన్ను ఎవ్వరు అడగలే. చెప్పుడు మొదలుపెట్టిన. ఆమె దేశంల ఆడపిల్లకు పెద్ద చదువు లేదంటే పరాయి దేశం పోయిందని, చలికి దుప్పటి చాలక ఉన్న బట్టలన్నీ మీదేసుకొని పండుకున్నదని చెప్పిన. వానొస్తే కారే పాత షెడ్డుల, తనంత ఎత్తు ఇనుప కడ్డీతోని మరిగే మన్నును ఏండ్లకేండ్లు కలియబెట్టిందని, అంత మన్నులకెల్లి రవ్వంత వస్తే, ఆ రవ్వ చీకట్ల దానంతటదే వెలిగిందని చెప్పిన. మగడు గుర్రబ్బండి కింద పడి పోయిండంటే టిఫిన్ అక్క పెనం మీద దోసె మర్చిపోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఆయన ఆపిన పాఠాన్ని ఆపిన కాడినుంచే ఈమె పోయి పిల్లలకు చెప్పిందంటే, సారు చేతుల దండ కిందికి దిగింది. కనిపెట్టింది నాది అనకుండ లోకానికిడిచిందని, యుద్ధమొస్తే ఎక్స్‌రే మిషన్ బండ్ల పెట్టుకొని దెబ్బలు తాకిన సిపాయిల కాడికి పోయిందని చెప్పిన. "ఆఖరికి ఆ వెలుగే ఆమెను లోపల్లోపల తిన్నది. ఆమె రాసిన కాయితాలను ఇయ్యాలకు గూడ ఉత్త చేతులతోని ముట్టొద్దు" అని చెప్పిన. ఇన్నేండ్లు మంచం పక్కన పెట్టుకున్న మనిషి చచ్చిపోయిందని నాకు ఆ పొద్దే తెలిసింది. ఎక్కెక్కి ఏడ్చిన.

నేను దిగిన ఆటో అన్న ఇంకా పోనేలేదు. "మా ఆటోల ఎనుక అంటిచ్చే రేడియం గీమెదేనా మేడం?" అన్నడు.

"కాదన్నా. అది లైటు పడితే మెరిసే స్టిక్కర్. ఈమెది ఎవ్వరు లైటు కొట్టకున్నా వెలుగుతది."

ఆయన తలకు చుట్టిన తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు. ఆయమ్మ ముక్కు తుడుచుకొని, "అది తింటదని తెలిసి పట్టుకున్నదా, తెల్వకనా?" అని అడిగింది.

"మొదలు తెల్వదు ఆయమ్మా. తర్వాత తెలిసినా ఆమెకు నమ్మబుద్ధి కాలే."

"తను కన్నదే గదా, ఎట్ల నమ్ముతది" అన్నది ఆయమ్మ.

అప్పుడు సారు కండ్లద్దాలు సవరించుకొని ఫ్లెక్సీ మీది సంవత్సరాలు చదివిండు. "మేడం... ఈమె పోయిననాటికి మా నాయిన గూడ పుట్టలే గదా!" అందరు నా దిక్కు తిరిగిన్రు. అయిపోయింది, ఇగ మోతె బస్సే అనుకున్న. టిఫిన్ అక్క కండ్లు ఒత్తుకొని, "ఎప్పుడు పోతేంది సారూ, మనకు తెలిసింది ఇయ్యాల్నే గదా" అన్నది. అప్పుడే, నా క్లాసుల ఎన్నడూ కండ్లు తెరవని పిలగాడొకడు చెయ్యి లేపిండు. "మేడం, మన పుస్తకంల జుట్టు లేచిపోయి ఉంటడు, ఆయనెట్ల పోయిండు?" సారు వాణ్ని చూసిండు, నన్ను చూసిండు, పోయి రేడియం అమ్మకు దండేసిండు. "తెచ్చినంక వేసుడే గదా. మీరు క్లాసుకు పోన్రి మేడం" అన్నడు. ఇగ ఆ ఏడాదంత మా ఫిజిక్స్ క్లాసులు పరామర్శతోనే మొదలైనయ్. ఫ్లెక్సీని ఆ సాయంత్రమే ఆయమ్మ అడిగి తీస్కపోయింది.

ఇప్పుడు కోదాడల పాఠాలు చెప్తున్న. ఇక్కడి పిల్లలు "చెప్పండి మేడమ్ గారూ" అని మర్యాదగ అడుగుతరు, మర్యాదగనే నిద్రపోతరు (అప్పుడు ఎవరో ఒక సైంటిస్టు ఎట్ల పోయిండో అందుకుంట). మొన్న వానల్ల ఆయమ్మను చూసొద్దామని తండాకు పోయిన. పని మానేసింది, మోకాళ్లు పట్టుకపోయినయట. వసారాల మంచమేసి కూసోబెట్టింది. బయట కుండపోత. తలెత్తి చూస్తే, వాసాల మీద గుంజి కట్టిన మా ఫ్లెక్సీ, దాని మీద తాటాకు. రేడియం అమ్మ పైనుంచి మమ్మల్ని చూస్తున్నది. ఆమె కింద ఒక్క చుక్క పడతలేదు.

"బొమ్మను కిందికి తిప్పి కట్టినవేంది ఆయమ్మా?"

"మరి ఆమె తడవదా బిడ్డా? ఆ షెడ్డుల తడిసింది చాలదా?"

రేడియం అమ్మ ఎందుకంత గొప్పదని ఎవరన్న అడిగితే ఏం చెప్పాల్నో వెతుక్కున్న హాస్టల్ రోజులు యాదికొచ్చినయ్. మూలకు ఆ మనుమరాలు ఇంకా కూలింగ్ గ్లాసులతోనే ఉన్నది. రంగు కొంచెం వెలిసింది గానీ పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతనే ఉన్నది, పిచ్చిపిల్ల. దాన్ని చూసి నేను గూడ నవ్విన.