వెబ్‌సైటు మెసేజీ చదివిన మనిషి

చిన్నప్పుడు బడికి పోవలసిన రోజుల్లో జీడితోటల్లో పిక్కలు ఏరాను. అందుకే నలభై ఐదేళ్ళు వచ్చినా నాకు అక్షరం రాలేదు. విశాఖలో నర్సింగు చదివే మా అమ్మాయికి ఫోను లేదు. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, ఏదో వెబ్‌సైటు నుంచి ఉచితంగా నా ఫోనుకు మెసేజీలు పంపేది. వాటికి తిరిగి ఫోను చేసే వీలుండదు.

ఆ రోజు నర్సీపట్నంలో బస్సెక్కగానే మెసేజీ వచ్చింది. పక్క సీటులోని పెద్దమనిషిని చదివి పెట్టమన్నాను. చాలాసేపు చూశాడు.

“మీ పాపేనండి. రేపు సాయంత్రం రావికమతంలో దిగుతాదంట. ఎదురు ఎవులెల్తారేటి?”

“ఇంకెవులున్నారు బాబూ, నేనే.”

రావికమతంలో నాతోపాటే దిగి, టీ కొట్టు దగ్గర ఆగిపోయాడు.

ఇంటికి వెళ్ళాక, మెసేజీ మళ్ళీ వినాలనిపించి ఫోను ఇస్తే పక్కింటి టీచరమ్మ గారు చూసి, “రేపు కాదు, ఈవేళే. ఆరింటికి” అన్నారు. పరుగెత్తాను. బస్సు దిగిన మా అమ్మాయి సంచీ అప్పటికే మెసేజీ చదివిన ఆ మనిషి చేతిలో ఉంది.

“ఈయన్ని నువ్వే పంపేవంట గదమ్మా?” అంది అమ్మాయి.

అతను సంచీ నెమ్మదిగా కింద పెట్టాడు. “ఇంత బేగి వచ్చేసారేటండీ” అని నవ్వి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పలక పట్టుకుని టీచరమ్మ గారి గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ ‘అ’ రాయబోతే ఆపాను. “అది తరవాతమ్మా. మా పాప తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాది. ముందు అవి నేర్పండి” అన్నాను.